గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్: నడక యాత్రకు బయలుదేరే ముందు తెలుసుకోవలసిన సంగతులు

హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లాలో ఉన్న గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ లోపల వాహనాలు తిరిగే రోడ్డు ఒక్కటి కూడా లేదు. సఫారీ జీపులు లేవు, హోటళ్లు లేవు, టీ దుకాణాలు లేవు. లోపలికి వెళ్లాలంటే నడవాలి. రాత్రి ఉండాలంటే గుడారం వేసుకోవాలి, లేదా అటవీ శాఖ అక్కడక్కడ నిర్మించిన చిన్న విడిది గుడిసెల్లో తలదాచుకోవాలి. తిండి, పక్క, మందులు అన్నీ వెంట మోసుకుపోవలసిందే.

మనాలీకి వెళ్లే పర్యాటకులలో చాలామంది ఈ ఉద్యానవనపు ముఖద్వారానికి సమీపం నుంచే వెళ్తారు, కానీ దాని పేరు కూడా వినరు. ఇక్కడి అడవి ఇంకా అడవిలా మిగలడానికి ఆ ఉపేక్ష కూడా కొంత కారణం కావచ్చు. అయితే ఇటీవలి కాలంలో తీర్థన్ లోయ పేరు సామాజిక మాధ్యమాలలో పాకింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల నుంచి యువ బృందాలు సెలవు దొరికితే ఇటువైపు చూస్తున్నాయి. సరైన సన్నాహం లేకుండా హిమాలయాలలో అడుగుపెడితే ఏమవుతుందో తెలుగు కుటుంబాలకు ఎవరూ కొత్తగా చెప్పనవసరం లేదు. 2014 జూన్ 8న మండీ జిల్లాలోని థలౌట్ దగ్గర బియాస్ నది ఒడ్డున ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు, ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు మరణించారు. లార్జీ అంటే తీర్థన్, సైంజ్ నదులు బియాస్‌ను కలిసే చోటే. ఈ ఉద్యానవనానికి వెళ్లేవారిలో చాలామంది ఆ ప్రాంతం మీదుగానే వెళ్తారు.

ఎంత పెద్దది, ఎందుకు ప్రత్యేకం?

1984లో ఏర్పాటైన ఈ ఉద్యానవనానికి తుది నోటిఫికేషన్ 1999లో వెలువడింది. విస్తీర్ణం 754.4 చదరపు కిలోమీటర్లు. దీనిని ఆనుకుని ఉన్న సైంజ్, తీర్థన్ వన్యప్రాణి అభయారణ్యాలతో కలిపి సుమారు 905 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని యునెస్కో 2014 జూన్‌లో దోహాలో జరిగిన సమావేశంలో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. థలౌట్ దుర్ఘటన జరిగిన నెల కూడా అదే.

రెండు వేల మీటర్లకు దిగువన ఉన్న నదీతీరపు అడవుల నుంచి ఆరు వేల మీటర్లు దాటిన మంచు శిఖరాల వరకు ఇక్కడి భూమి మెట్లు మెట్లుగా లేస్తుంది. ఆ ఎత్తుల తేడా వల్లే ఇరవై అయిదు రకాల అడవులు ఒకే చోట కనిపిస్తాయి. కింద దేవదారు, నీలి పైన్, హార్స్ చెస్ట్‌నట్ వృక్షాలు; పైకి వెళ్లేకొద్దీ ఫర్, ఓక్, భుర్జపత్ర వృక్షాలు; వాటినీ దాటితే చెట్టన్నది లేని పచ్చిక బయళ్లు. ఈ బయళ్లను స్థానికులు 'థాచ్' అంటారు. యునెస్కో పత్రాల ప్రకారం ఇక్కడ 31 రకాల క్షీరదాలు, 209 రకాల పక్షులు నమోదయ్యాయి. మంచు చిరుత, గోధుమ రంగు ఎలుగు, కస్తూరి మృగం, హిమాలయన్ తార్, భరల్ వాటిలో ముఖ్యమైనవి. అయితే మంచు చిరుతను చూడాలన్న ఆశతో వెళ్లేవారు నిరాశ పడక తప్పదు. అది మనిషి కంటపడడం బహు అరుదు. మోనాల్ పక్షి మాత్రం ఓపిక ఉన్నవారికి తరచూ దర్శనమిస్తుంది. మరింత అరుదైనది వెస్టర్న్ ట్రాగోపాన్. హిమాచల్ రాష్ట్ర పక్షి ఇదే. కులూ ప్రజలు దీనిని 'జుజురానా' అంటారు, పక్షులకు రాజు అని అర్థం. సృష్టిలోని పక్షులన్నీ తలా ఒక ఈక ఇస్తే ఇది తయారైందని అక్కడొక కథ చెప్పుకుంటారు.

ఏ దారి ఎవరికి?

ఉద్యానవనంలో తీర్థన్, సైంజ్, జీవా నాలా, పార్వతి అనే నాలుగు లోయలు ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవారికి తీర్థన్ లోయే తగినది. బంజార్ పట్టణం దాటాక వచ్చే గుశైనీ గ్రామం వరకు వాహనాలు వెళ్తాయి. అక్కడి నుంచి నది వెంట పది కిలోమీటర్లలోపు నడిస్తే రోల్లా వస్తుంది. ఉద్యానవనపు ద్వారం అక్కడే. దారి పొడవునా చిన్న గ్రామాలు, ఆపిల్ తోటలు, చెక్కతో కట్టిన ఇళ్లు కనిపిస్తాయి. నడక అలవాటు ఉన్న కుటుంబాలు పెద్ద పిల్లలతో కూడా రోల్లా దాకా వెళ్లి, ఒక రాత్రి గడిపి తిరిగి రావచ్చు. రోల్లా ఎత్తు సుమారు 2,100 మీటర్లు.

అసలు పరీక్ష ఆ తరువాత మొదలవుతుంది. రోల్లా నుంచి శిల్ట్ విడిదికి దారి దట్టమైన అడవిలో నిట్టనిలువుగా ఎక్కుతుంది. ఒక్క రోజులో దాదాపు వెయ్యి మీటర్లు ఎగబాకాలి. శిల్ట్ నుంచి రఖుండీ శిఖరం 3,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున అక్కడి నుంచి రెండు లోయలూ కనిపిస్తాయి. గుశైనీలో బయలుదేరి రఖుండీ చూసి తిరిగి రావడానికి నాలుగు రోజులు పెట్టుకోవడం వివేకం. మూడు రోజుల్లో ముగిస్తామని చెప్పే ప్యాకేజీలు లేకపోలేదు. మైదాన ప్రాంతాల నుంచి వచ్చినవారికి అవి తగవు.

సైంజ్ లోయలోని నేఉలీ నుంచి బయలుదేరి, ఢేల్ పచ్చిక బయలు మీదుగా తీర్థన్ లోయలోకి దిగే మార్గం ఇంకా పొడవైనది, ఇంకా అందమైనది. హిమాలయాలలో ఇంతకుముందు ఒకటి రెండు యాత్రలు చేసినవారే దానికి పూనుకోవాలి. తీర్థన్ నది పుట్టిన తీర్థ్ వరకు పోయి రావడానికి వారం రోజులకు పైగా పడుతుంది. ఆ చోటు స్థానికులకు పవిత్రమైనది. అక్కడ గట్టిగా అరవడం, స్నానాలు చేయడం వారికి నచ్చదు. జీవా నాలా నుంచి పార్వతి లోయలోకి 4,600 మీటర్ల పైచిలుకు ఎత్తున్న కనుమ దాటి వెళ్లే మార్గం నిపుణులకు మాత్రమే.

ఎప్పుడు వెళ్లాలి?

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు ఒక అదను, సెప్టెంబరు మధ్య నుంచి నవంబరు ఆరంభం వరకు మరొకటి. వసంతంలో కొండ పొడుగునా పూలు, పక్షుల కూతలు ఉంటాయి. కానీ ఎత్తైన చోట్ల దారి మీద మంచు ఇంకా కరిగి ఉండదు. శరదృతువులో ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రులు గడ్డకట్టే చలితో ఉంటాయి.

జులై, ఆగస్టు నెలలను వదిలేయాలి. ఆ రెండు నెలల్లో ఈ లోయలు కొండచరియలకు, మెరుపు వరదలకు నిలయాలు. 2023 జులైలో వచ్చిన వరదలో సైంజ్ బజారులోని దుకాణాలు, ఇళ్లు అనేకం నదిలో కలిసిపోయాయి. కొండల మీద ఎక్కడో కురిసిన వాన గంటల వ్యవధిలో కిందికి చేరుతుంది. మన తల మీద ఎండ కాస్తున్నంత మాత్రాన నది నెమ్మదిగా ఉంటుందని అనుకోరాదు.

అనుమతి, గైడు: నియమం వెనుక ఉన్న చరిత్ర

లోపలికి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి పత్రం తప్పనిసరి. గుశైనీకి ముందే వచ్చే సాయ్ రోపాలో, సైంజ్ వైపు నేఉలీలో అటవీ కార్యాలయాలు ఉన్నాయి. ఉద్యానవన డైరెక్టర్ కార్యాలయం భుంతర్ సమీపంలోని శంశీలో ఉంది. గుర్తింపు కార్డు అసలుతో పాటు నకళ్లు ఉంచుకోవాలి. విదేశీ పౌరసత్వం ఉన్న ప్రవాస తెలుగువారు పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు నకళ్లు తీసుకెళ్లాలి. రుసుములు భారతీయులకు, విదేశీయులకు వేర్వేరుగా ఉంటాయి, ఎప్పటికప్పుడు మారుతుంటాయి. బయలుదేరే ముందు కార్యాలయాన్ని అడిగి తెలుసుకోవడం మేలు.

స్థానిక గైడును వెంట తీసుకెళ్లాలన్న నియమాన్ని చాలామంది ఖర్చుగా చూస్తారు. దాని వెనుక ఒక పెద్ద కథ ఉంది.

ఉద్యానవనం రాకముందు ఈ కొండలు చుట్టుపక్కల గ్రామాల వారికి జీవనాధారం. వేసవిలో గొర్రెల మందలను పైనున్న థాచ్‌లకు తోలుకుపోయేవారు. వసంతంలో గుచ్ఛీ పుట్టగొడుగులు ఏరేవారు, వర్షాకాలంలో ఔషధ మూలికలు తవ్వేవారు. ఇంటిల్లిపాది ఏడాది ఖర్చులకు అదే ఆధారం. 1999 తుది నోటిఫికేషన్‌తో ఆ హక్కులు ముగిశాయి. పత్రాలలో హక్కు నమోదైన కుటుంబాలకు పరిహారం అందింది. పత్రాలలో పేరు లేనివారు, పూర్వం నుంచి అలవాటుగా అడవి మీద ఆధారపడినవారు ఉత్త చేతులతో మిగిలారు. సహజంగానే ఆగ్రహం రేగింది.

ఉద్యానవనానికి పశ్చిమ అంచున 265 చదరపు కిలోమీటర్ల మేర 'ఎకోజోన్' పేరుతో ఒక ప్రాంతం ఉంది. అందులో దాదాపు 160 చిన్న గ్రామాలు ఉన్నాయి. ఆ గ్రామాల మహిళలతో పొదుపు సంఘాలు ఏర్పడ్డాయి. వానపాముల ఎరువు, అడవి ఆప్రికాట్ గింజల నూనె వంటివి అమ్మి వారు చిన్న ఆదాయాలు కూడగట్టారు. యువకులు గైడ్లుగా, వంటవాళ్లుగా, కూలీలుగా శిక్షణ పొందారు. ఒకప్పుడు మూలికలు తవ్విన చేతులే ఇప్పుడు యాత్రికుల గుడారాలు కడుతున్నాయి. ఢిల్లీలోనో, మరో నగరంలోనో ఉన్న సంస్థకు మొత్తం సొమ్ము చెల్లించి, వారు తెచ్చిన బయటి మనుషులతో నడిస్తే ఈ ఏర్పాటు బలహీనపడుతుంది. అడవి వల్ల గ్రామానికి ఏమీ రాదని తేలిన రోజున ఆ అడవిని కాపాడే చేతులు కూడా ఉండవు. కనుక బుక్ చేసే ముందు గైడు, కూలీలు ఎకోజోన్ గ్రామాలవారేనా, వారికి బీమా ఉందా, చలి దుస్తులు, బూట్లు ఎవరు ఇస్తున్నారు అని అడగడం యాత్రికుడి హక్కు. కూలీ మీద మితిమీరిన బరువు వేయకపోవడం కనీస మర్యాద.

ఎత్తును తేలికగా తీసుకోవద్దు

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. కోస్తా పట్టణాలు దాదాపు సముద్రమట్టంలోనే ఉన్నాయి. అక్కడి నుంచి రెండు రోజుల్లో 3,100 మీటర్లు ఎక్కితే శరీరం ఎదురు తిరగవచ్చు. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. రోజూ వ్యాయామం చేసేవారికీ, క్రీడాకారులకూ ఇది రావచ్చు. కండబలానికీ దీనికీ సంబంధం లేదు.

మూడు వేల మీటర్లు దాటిన తరువాత, నిద్రించే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని పర్వత వైద్య నిపుణులు సూచిస్తారు. అందుచేత గుశైనీలో లేదా బంజార్‌లో ఒక రాత్రి, రోల్లాలో మరో రాత్రి గడిపి శిల్ట్‌కు ఎక్కడం క్షేమకరం. సమయం ఉన్నవారు యాత్రకు ముందు ఒక పగలు బంజార్ నుంచి 3,100 మీటర్ల ఎత్తున ఉన్న జలోరీ కనుమకు వాహనంలో వెళ్లి, అక్కడి నుంచి సెరోల్‌సర్ సరస్సు దాకా నడిచి రావచ్చు. శరీరానికి ఎత్తు పరిచయమవుతుంది. ఎవరికి పడడం లేదో కూడా ముందే తెలిసిపోతుంది.

తలనొప్పి మొదలైతే ఇంకా పైకి ఎక్కరాదు. విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే దిగాలి. విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా ఆయాసం, నురగతో కూడిన దగ్గు, తాగినవారిలా తూలడం, మాట తడబడడం ప్రాణాపాయ సూచనలు. తెల్లవారే దాకా ఆగకుండా, వీలైనంత త్వరగా మనిషిని కిందికి దించాలి. ఎసిటజోలమైడ్ మాత్రలు కొందరికి ఉపయోగపడతాయి, కానీ సల్ఫా మందులు పడనివారు ఉంటారు. ఊరిలోనే వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ఆ సంగతి గైడుకు దాచకుండా చెప్పాలి.

నది ఒడ్డున

తీర్థన్ నీరు అద్దంలా స్వచ్ఛంగా ఉంటుంది. అదే మోసం. మంచు కరిగిన నీరు కనుక క్షణాల్లో చేతులు, కాళ్లు కొయ్యబారతాయి. ఈత వచ్చినవారికి కూడా నాచు పట్టిన రాళ్ల మీద పట్టు దొరకదు. మోకాలి లోతు ప్రవాహం మనిషిని పడదోయగలదు. మంచు కరగడం వల్ల మధ్యాహ్నానికి వాగులు పెరుగుతాయి, ఉదయం తగ్గుతాయి. వంతెన లేని చోట దాటవలసి వస్తే ఉదయాన్నే, గైడు చెప్పిన చోటే దాటాలి.

లార్జీ, థలౌట్ పరిసరాలలోనూ, సైంజ్ లోయలో ప్రాజెక్టులు ఉన్న చోట్లా నదిలోకి దిగరాదు. ఆనకట్ట గేట్లు తెరిస్తే ఎండిన రాళ్ల గుట్ట నిమిషాల్లో మునిగిపోతుంది. హెచ్చరిక సైరన్ నీటి హోరులో వినిపించకపోవచ్చు. వాహనం ఆపి ఒక్క ఫొటో తీసుకుందామన్న కోరిక పుట్టే చోటు కూడా సరిగ్గా ఇదే.

గుడారాన్ని ఎండిన వాగు గర్భంలో ఎన్నడూ వేయరాదు. ఇసుక మెత్తగా, సమతలంగా ఉందని అక్కడ పడక వేస్తే, రాత్రి ఎగువన కురిసే వానకు ఎదురెళ్లి పడుకున్నట్టే. నీటికి కనీసం అరవై మీటర్ల దూరంలో, ఎండిన కొమ్మలు వేలాడని చోట చూసుకోవాలి.

వంట, నీళ్లు

ఎత్తు పెరిగేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. రఖుండీ ఎత్తున అది సుమారు 88 డిగ్రీలు. తెర్లుతున్నట్టు కనిపిస్తుంది, మెతుకు మాత్రం ఉడకదు. ప్రెషర్ కుక్కర్ లేనిదే కందిపప్పు అక్కడ మెత్తబడదు, గ్యాస్ అయిపోతుంది. పెసరపప్పు, రవ్వ, అటుకులు నయం. వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు, వేయించిన సెనగలు నడకలో అక్కరకొస్తాయి. చలికి నోరు చప్పబడినప్పుడు ఒక చిన్న సీసా కారప్పొడి చేసే మేలు యాత్ర చేసినవారికే తెలుస్తుంది. తాగే నీటిని మరగడం మొదలయ్యాక మూడు నిమిషాలు కాచాలి, లేదా నమ్మదగిన ఫిల్టరు వాడాలి. పైన మేసే పశువుల సంగతి ఎవరికీ కనిపించదు.

గ్యాస్ డబ్బాలను విమానంలో గానీ రైలులో గానీ తీసుకెళ్లడం నిషిద్ధం. అక్కడే సమకూర్చుకోవాలి. అడవిలో కట్టెలు కొట్టి మంట వేయరాదు. ఈ ఎత్తులలో చెట్టు ఎదగడానికి పట్టే కాలం మనిషి జీవితం కంటే ఎక్కువ. ఆహారాన్ని గుడారంలో పెట్టుకుని పడుకోవడం కూడా పొరపాటే. ఈ అడవులలో నల్ల ఎలుగులు ఉన్నాయి.

సామాను

ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. గుశైనీలో 25 డిగ్రీలు ఉంటే రఖుండీ మీద పగలే పన్నెండు, పదమూడు. గాలి వీస్తే మరింత చలి. జీన్స్, నూలు బనియన్లు ఒకసారి తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. ఉన్ని లేదా సింథటిక్ పొరలు, పైన వాన ఆపే కోటు, మారు సాక్సులు ముఖ్యం. బూట్లు కొత్తవి కొని నేరుగా కొండ ఎక్కితే రెండో రోజుకే పాదాలు బొబ్బలెక్కుతాయి. నెల ముందు నుంచే వాటితో నడవాలి. స్లీపింగ్ బ్యాగు మీద రాసి ఉండే రెండు ఉష్ణోగ్రతలలో 'కంఫర్ట్' అన్నదే లెక్క. రెండోది గడ్డకట్టకుండా తెల్లవారే హద్దు మాత్రమే. హెడ్‌ల్యాంపు, ఈల, ప్రథమ చికిత్స పెట్టె మరువరాదు. పవర్ బ్యాంకును విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

లోపల ఫోన్ పని చేయదన్న అంచనాతోనే బయలుదేరాలి. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి వచ్చే ప్రవాసులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అక్కడ పర్వతారోహకులు మామూలుగా వాడే శాటిలైట్ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు భారతదేశంలో లైసెన్సు లేకుండా వెంట ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాలలో పట్టుబడి కేసులు ఎదుర్కొన్న విదేశీయులు ఉన్నారు. అందుకు బదులుగా దారి, తేదీలు, గైడు ఫోన్ నంబరు, తిరిగి వచ్చే రోజు రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వాలి. ఆ రోజు దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో ఉండాలి. అత్యవసర నంబరు 112. జిల్లా విపత్తు నియంత్రణ కేంద్రం నంబరు 1077.

వెళ్లడం, రావడం

తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీ లేదా చండీగఢ్ చేరి, అక్కడి నుంచి మనాలీ బస్సు ఎక్కి ఔట్ దగ్గర దిగాలి. రాత్రి బస్సయితే సొరంగానికి ముందే దించమని కండక్టరుకు చెప్పి ఉంచాలి, లేకపోతే నిద్రలోనే ఊరు దాటిపోతుంది. ఔట్ నుంచి లార్జీ మీదుగా బంజార్‌కు స్థానిక బస్సులు, ట్యాక్సీలు దొరుకుతాయి. భుంతర్‌లో విమానాశ్రయం ఉంది, కానీ వాతావరణం కాస్త మారినా విమానాలు రద్దవుతాయి.

కొండదారులు ఎప్పుడు మూసుకుపోతాయో చెప్పలేము కనుక యాత్ర చివర రెండు ఖాళీ రోజులు ఉంచుకోవాలి. తిరుగు రైలుకు వేళవుతోందన్న తొందరే వానలో వాగు దాటిస్తుంది, చీకటిలో నడిపిస్తుంది. ప్లాస్టిక్ కవర్లు, డబ్బాలు, వాడిన బ్యాటరీలు సంచిలోనే వెనక్కి తేవాలి. మలవిసర్జనకు నీటికి అరవై మీటర్ల అవతల జానెడు లోతు గుంట తవ్వి పూడ్చాలి. కిందికి దిగాక అనుమతి ఇచ్చిన కార్యాలయంలో బృందం క్షేమంగా తిరిగి వచ్చిందని చెప్పి వెళ్లాలి. ఆ మాట చెప్పకుండా బస్సెక్కితే, కొండ మీద లేని మనుషుల కోసం గ్రామస్థులు రాత్రివేళ లాంతర్లు పట్టుకుని వెతకవలసి వస్తుంది.